ఎలిజబెత్ ఉతికిన తెల్లకోట్లు

మిక్సీ జారు ఇంకా సింకులో బోర్లా పడే ఉంది. పుదీనా పచ్చడి గోడ పలకల మీదికి చిమ్మి, చారలుగా కిందికి కారుతోంది.

రెబెక్క చేతిలో జారు మూత అలాగే ఉండిపోయింది. ఈ ఇంటికి కోడలై వచ్చి ఆరేళ్లు. మామగారు గొంతు పెంచడం ఒక్కనాడూ వినలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా ‘బాగున్నది బిడ్డా’ అని తినిపోయే మనిషి. అలాంటివాడు ఇందాక వంటింట్లోకి ఉరికొచ్చి, ఆమె చేతిలోని జారు లాక్కుని, పచ్చడంతా సింకులోకి విసిరికొట్టాడు.

"ఏంటి మావయ్యా ఇది? నేనేం చేశానని?" రెబెక్కది తెనాలి. కోపమొస్తే ఆ ఊరు వచ్చి ఆమె గొంతులో కూర్చుంటుంది.

యెహెజ్కేలు ఆయాసపడుతున్నాడు. "నాలికె మీద ఏసుకున్నవా? ఉప్పు చూసినవా?"

"ఇంకా ఉప్పే వెయ్యలేదు."

"ఫిన్నీగాడు తిన్నడా?"

"ఆయన ఎనిమిదింటికే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లిపోయారు. షాపు తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి కదా. అసలేమయిందో చెప్తారా?"

"స్తోత్రం ప్రభువా" అంటూ ముసలాయన వంటింటి గడప మీదే కూలబడ్డాడు.

మేడ మీది గది తలుపు చప్పుడైంది. జోస్నా మెట్లు దిగి వచ్చింది. యెహెజ్కేలు కూతురు, ఫిన్నీకి చెల్లెలు, ఇరవై తొమ్మిదేళ్లు. ఆ పైగదిలో సీసాల్లో అరటి మొక్కలు పెంచుతుంది. అరటి పిలక నడిమి నుంచి వేలెడంత మొగ్గ కోసి, సీసాలో దానికి తిండి పెట్టి, ఒక్కదాన్ని వంద చేసే పని. ఎల్బీనగర్‌లో ఆ వీధివాళ్లు దాన్ని ‘సీసాల ఫ్యాక్టరీ’ అంటారు. ఎవరేమన్నా ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. ఇవాళ నవ్వలేదు.

"గా పుదీన ఎక్కడిది వదినా?"

"ఎక్కడిదేంటి, మన మేడ మీద తొట్టిదే. నెలన్నర నుంచి పురుగు పట్టింది, ముట్టుకోవద్దంటున్నారు మావయ్య. పొద్దున చూస్తే ఒక పక్క మాడిపోయినా ఇంకో పక్క ఏపుగా ఉంది. రెండు గుప్పిళ్లు కోశాను. అదీ నేను చేసిన నేరం."

జోస్నా వదిన వైపు చూడలేదు. తండ్రి వైపు చూసింది.

"నాయినా, తొట్టిల ఏం పోసినవ్?"

ఆయన తల ఎత్తలేదు.

"నిన్నే అడుగుతున్న. ఏం పోసినవ్?"

పొయ్యి మీద కుక్కర్ మూడో కూత వేసింది. రెబెక్క వెళ్లి స్టవ్ కట్టేసింది. 

యెహెజ్కేలు లేచి తన గదిలోకి పోయాడు. మంచం కింది ట్రంకుపెట్టె ఈడ్చిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతుల్లో ఒక పాత తెల్లకోటు, ఉండ చుట్టి ఉంది. హాలు నడుమ పేపరు పరిచి, దాని మీద పెట్టి, మడతలు విప్పాడు. లోపల గోధుమరంగు సీసా. లేబులు సగం చెరిగిపోయింది గానీ పుర్రె బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

జోస్నా రెండడుగులు వెనక్కి వేసింది.

"తెల్లమందు" అంది.

యెహెజ్కేలు ముప్పై ఏళ్లు ఓ పరిశోధన కేంద్రంలో ల్యాబు అటెండరుగా చేశాడు, ఆ సీసా అక్కడిదే. అక్కడందరూ దాన్ని అలాగే పిలిచేవారు. పాదరసపు ఉప్పు. మట్టిలోంచి వచ్చిన మొక్క ముక్కకు బూజూ క్రిములూ అంటుకునే ఉంటాయి. వాటిని చంపకుండా సీసాలో పెడితే, లోపల వేసిన చక్కెర తిండిని మొక్క కంటే ముందు బూజు తినేస్తుంది. నాలుగో రోజుకి సీసా నిండా తెల్లదూది. తెల్లమందు నీళ్లలో అయిదు నిమిషాలు ముంచితే ఆ బెడద ఉండదు. మనిషికి బెడద ఉంటుంది, అది వేరే సంగతి. ఆ సంగతి మాట్లాడే అలవాటు ఆ ల్యాబులో లేదు.

జోస్నా ఆ సంగతే మాట్లాడింది. హయత్‌నగర్ అవతల కంపెనీలో చేతి తొడుగులు కూడా ఇవ్వకుండా తెల్లమందు కలపమంటే, నెలజీతం వదులుకుని ఇంటికొచ్చేసింది. బట్టలు తెల్లబరిచే బ్లీచు, అందులో రెండు చుక్కల గిన్నెల సబ్బు, అంతే ఆమె సరంజామా. ఒక్కసారే అన్నిటినీ చంపెయ్యాలని చూడకుండా ఓసారి ముంచి, పైపొర ఒలిచి, ఈసారి పలచగా కలిపి మళ్లీ ముంచుతుంది. ఓపిక కావాలి. ఓపిక ఆ పిల్లకి తల్లి నుంచి వచ్చింది.

"ఎప్పటిసంది?" అనడిగింది.

"మార్చి నడిమిట్ల సంది. నువ్వు బూజు పట్టిన అరవై సీసలు పారబోసి, మెట్ల మీద కూసోని ఏడ్సినవ్ గదా, గా దినం సంది." యెహెజ్కేలు సీసా వైపే చూస్తూ చెప్పాడు. "ముందు కడుగుడు నా పనే గదా. నల్ల కింద కడిగి, గీ నీళ్లల్ల అయిదు నిమిషాలు పెట్టి, మళ్ల కడిగి నీకిచ్చిన. ఆ పైన నీ పద్ధతి నువ్వు చేసుకున్నవ్. సీసలు సాఫ్ ఒచ్చినయా లేదా? నువ్వే చెప్పు."

"ఒచ్చినయ్."

నెలన్నరగా సీసాలు అద్దాల్లా ఉన్నాయి. తన పద్ధతి గెలిచిందని ఎంత పొంగిపోయింది! కర్మన్‌ఘాట్ దాకా పోయి మిఠాయి తెచ్చి వీధంతా పంచింది. ఈ పెద్దమనిషి కూడా రెండు ముక్కలు తిన్నాడు.

"వాడిన నీళ్లు తొట్టిల పోసినవా?"

"మోరీల పోయొద్దని నువ్వే అన్నవ్ గదా. మూసీల కలుస్తది, చాపలు సస్తయ్ అంటివి. నీ మాట కాదనలె బిడ్డా. మట్టి అన్నిటిని తింటది గదా అని మట్టిల పోసిన."

"నేను గా ముక్కలు ఉత్త చేతులతోని ఒలిచిన నాయినా. పొర పొర ఒలిచిన. తొడుగులేసుకుంటె చాకు జారుతది, నాయిన కడిగిచ్చినవే గదా, ఏమైతది అనుకున్న."

రెబెక్క ఆడపడుచు చేతుల వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

జోస్నా తల్లి ఎలిజబెత్ చనిపోయి నాలుగేళ్లయింది. చివరి అయిదేళ్లూ ఆమె చేతులు వణికాయి. ముందు కుడిచేతి చూపుడువేలు, తర్వాత రెండు చేతులూ. చిగుళ్ల నుంచి నెత్తురు కారేది. ఊరికే ఏడ్చేది, కన్నకొడుకు పేరు కూడా ఓసారి మరిచిపోయింది. ఏమైందమ్మా అంటే ఒకటే జవాబు. "ఆకలికి వణుకుతున్నయ్ బిడ్డా. పొద్దుగాల నుంచి ఏం తినలె గదా, గందుకే." అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక అడిగినా అదే చెప్పేది. దవాఖానలో నరాల బలహీనత అన్నారు. చర్చిలో ఒకరు సాతాను పెట్టే శోధన అన్నారు, ఇంకొకరు ఏ పాపం చేసిందో అన్నారు. నోరుంది కదా, అన్నారు.

"బల్ల ఆదివారం నాడు చర్చిలో ప్రభువు భోజనం తీసుకునేటప్పుడు ఆవిడ మణికట్టు నేనే పట్టుకునేదాన్ని" అంది రెబెక్క. కోపం పోయి ఆమె గొంతు సన్నబడింది. "చిన్న గ్లాసు. అందులో ఉండేదే గుక్కెడు ద్రాక్షరసం. అది కూడా చీర మీద ఒలికిపోయేది. ఒకసారి వెనక బెంచీలో ఎవరో నవ్వారు. తర్వాత నెల నుంచి అత్తయ్య బల్ల దగ్గరికి రావడమే మానేశారు."

"ఊకో వదినా."

"ఎందుకూరుకోవాలి? ఆ ల్యాబు కోట్లు ఎవరు ఉతికారో చెప్పమను మీ నాన్నని."

సీసా పక్కన పాత కోటు విప్పారి పడి ఉంది. జేబు మీద ఎర్రదారంతో ‘యె’ అని కుట్టు. ఎలిజబెత్ కుట్టిందే, చేతులు బాగున్న రోజుల్లో.

ప్రతి శనివారం ల్యాబులో కోట్లన్నీ మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు యెహెజ్కేలు. సార్ల కోట్లు, పరిశోధన చేసే పిల్లల కోట్లు, తనది. పద్నాలుగో పదిహేనో ఉండేవి. ముంజేతుల దగ్గర తెల్లమందు నీళ్లు పడి ఆరిన మరకలు. ఎలిజబెత్ వాటిని మేడ మీది బండ మీద వేసి, బ్రష్షుతో రుద్ది, చేతులతో పిండి, తీగ మీద ఆరేసేది. మల్లెపువ్వుల్లా వచ్చేవి. ‘మీ ఆవిడ చెయ్యి పడితే కోటుకి మళ్లీ పెళ్లికళ వస్తుందయ్యా’ అని ఓ పెద్ద సారు మెచ్చుకుంటే, ఆ మాట ఇంటికొచ్చి ఆమెకి చెప్పి మురిసిపోయాడు కూడా.

"నాయినా, నీకు ముందే తెలుసునా?" జోస్నా నెమ్మదిగా అడిగింది.

సందులో కూరగాయల బండివాడు మైకు పెట్టుకుని పోయాడు. వాడి అరుపు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు.

"నువ్వు నౌకరి ఇడిసిన దినం గీడనే కూసోని కాయితం సదివినవ్" అన్నాడు చివరికి. "తెల్లమందు ఒంట్లకు పోతె ఏమైతదో సదివినవ్. చేతులు వణుకుతయ్, చిగుళ్లు కారుతయ్, మతి ఉండది, ఊకె ఏడుస్తరు అని. నువ్వు కంపెనీ మీది కోపంతోని సదివినవ్. నాకు మీ అమ్మ పేరు సదివినట్టె ఇనబడ్డది."

"తెలిసి మళ్ల దాన్నే పట్టుకున్నవా?"

"తెల్వదు!" ఆ ఒక్క రోజులో ఆయన గొంతు లేవడం అది రెండోసారి. "ఎవ్వరికి తెల్వదు. ఏ డాక్టర్ చెప్పలె. నా చేతులు సూడు. ముప్పై ఏండ్లు కలిపిన. నాకేమైంది? జర సూడు."

రెండు చేతులూ చాచాడు. అవి కొయ్యల్లా కదలకుండా ఉన్నాయి.

"గీ మందు మంచిదని తేలాలె బిడ్డా. నీ సీసలు సాఫ్ రావాలె, ఎవ్వరికేం కావొద్దు. అప్పుడు మీ అమ్మకు గది ఏం చెయ్యనట్టె గదా. గది విషమే అయితే, వారం వారం మూటగట్టి ఆమె చేతికి తెచ్చిచ్చింది ఎవరు?"

జోస్నాకు తండ్రిని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకుని ఏడవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేక చున్నీ అంచు వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది.

"కండ్ల ఆపరేషన్ అయినసంది అన్ని సాఫ్ కనబడ్తున్నయ్" అన్నాడాయన గొంతు దించి. "పక్క బిల్డింగ్ మీద దుప్పట్లు ఆరేస్తరు, నాకు కోట్లె కనబడ్తయ్. పగటీలి పండుకుంటె బండ మీద బ్రష్ రుద్దిన చప్పుడైతది. వాషింగ్ మిషిన్ ఒచ్చినసంది గా బండ ఎవ్వరు ముట్టలె. అయినా చప్పుడైతది. మీ అమ్మ ఇంక ఉతుకుతనే ఉన్నది బిడ్డా."

ఆ చప్పుడు రెబెక్క కూడా రెండుమూడుసార్లు విన్నది. పక్కింటివాళ్లదిలే అని సరిపెట్టుకుంది. ఇప్పుడు గుర్తొస్తోంది, పక్కింట్లో బండే లేదు.

జోస్నా ఫోను మోగింది. జనార్ధన్.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. హయత్‌నగర్‌లో తాతలనాటి పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి, మిగిలిన అరెకరంలో షెడ్డు వేయించిన ఆసామి జనార్ధన్. జోస్నాను నమ్మి ఆ షెడ్డు ఆమెకిచ్చాడు. సోమవారం నుంచి పన్నెండుమంది ఆడవాళ్లకు ఆమె పని నేర్పాలి. గోడ మీద పెయింటరుతో పెద్దక్షరాలు కూడా రాయించాడు: పాదరసం వాడని మొక్కల ల్యాబు.

"ఏమమ్మా జోస్నా, నాలుగింటికి ఒస్తున్నం" అన్నాడు ఫోనులో హుషారుగా. "మా షెడ్డు కాడుండే యాదలక్ష్మి, ఇంకో నలుగురు నీ సీసలు సూస్తమంటున్నరు. యాదలక్ష్మి పసిపిల్ల తల్లి గదా, గా మందుల కాడ నాకేం కాదు గద పటేలా అని ఒకటే అడుగుడు. జోస్నమ్మ మాటిచ్చింది, నువ్వేం పరేషాన్ కాకు అని చెప్పిన. మంచిదే గదా?"

"రండి సార్" అంది జోస్నా. మంచిదే అని మాత్రం అనలేకపోయింది.

ఫోను పెట్టేశాక రెబెక్క దగ్గరికొచ్చింది. "చెప్పేస్తావా ఆయనకి?"

"చెప్పకుంటె ఎట్ల?"

"ఇకమీదట వాడకపోతే సరిపోద్దిగా. జరిగిపోయింది తవ్వి ఏం చేస్తావు? షెడ్డు పోద్ది జోస్నా."

"వాడకుంటె సరిపోతదా అన్నదే నాకు తెల్వదు వదినా! నెలన్నర సాఫ్ ఒచ్చినయ్. నా వల్ల ఒచ్చినయా, నాయిన మందు వల్ల ఒచ్చినయా? నా పద్ధతి ఉత్తదే అయితె గా పన్నెండుమందికి ఏం నేర్పాలె? రేపు బూజు పడితె వాళ్లు గూడ ఎక్కడినుంచో ఓ తెల్లమందు సీస దెచ్చుకుంటరు. మా నాయినే తెచ్చుకున్నడు. యాదలక్ష్మి తెచ్చుకోదా?"

రెబెక్క నోరు మూసుకుంది. రెబెక్క నోరు మూసుకుంటే బుర్ర పనిచేస్తోందని అర్థం. ఫిన్నీ ఎప్పుడూ ఈ మాటే అని తిట్లు తింటాడు.

"ఆగు" అంది కాసేపటికి. "మావయ్య కంటి ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు ముందు కడిగిందెవరు?"

జోస్నా తల ఎత్తింది.

"నేనే."

"మూడు రోజులు ఆసుపత్రిలో ఆయన పక్కన నేనున్నాను. నువ్వు ఒక్కదానివే ఇంట్లో ఉండి పనిచేశావు. ఆ సీసాలేవీ?"

జోస్నా అప్పుడే మెట్ల వైపు పరిగెత్తబోయి, ఆగి, వెనక్కి వచ్చింది. వంటింట్లోని రబ్బరు తొడుగులు వేసుకుంది. సీసానూ కోటునూ పాలిథిన్ సంచిలో పెట్టి ముడివేసి, మూతున్న బకెట్‌లో దింపింది. "దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. మోరీల పోయొద్దు, చెత్తబండిల ఎయ్యొద్దు. విషపు చెత్త తీస్కపోయేటోళ్లు వేరే ఉంటరు, ఫోన్ చేస్త. తొట్టి మట్టి గూడ వాళ్లకే ఇయ్యాలె."

"ముందు దవాఖానకి ఫోన్ చెయ్యవే. నీ రక్తం చూపించాలి."

"సీసలు చూసినంక."

ముగ్గురూ పైకి ఎక్కారు. యెహెజ్కేలు అందరికంటే వెనక, గోడ పట్టుకుని ఎక్కాడు. మేడ మీద బండ ఎండలో తెల్లగా ఉంది. ఆయన దాని వైపు చూడకుండా దాటాడు.

గదిలో ట్యూబులైట్ల కింద వరసలు వరసలుగా సీసాలు. జోస్నా నోటుపుస్తకం తీసి తేదీలు వెతికింది. మార్చి ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఆ మూడు రోజుల్లో మొత్తం ఇరవై ఏడు సీసాలు పెట్టింది. రెండు చెడిపోతే తీసేసినట్టు రాసి ఉంది. మిగతావి అన్నిటికంటే కింది అరలో, గోడవైపు ఉన్నాయి. వాటిని ప్రత్యేకంగా ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది ఇన్నాళ్లూ?

నేల మీద మోకాళ్లూని ఒక్కొక్కటీ బయటికి తీసింది. అడుగు చూసింది, అంచులు చూసింది, వెలుతురుకు ఎత్తి చూసింది. బూజు లేదు. పాలవిరుగుడులాంటి మసక లేదు. ఇరవై అయిదింటిలోనూ ఆకుపచ్చటి పిలకలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నెల దాటింది. చెడిపోయేవైతే ఎప్పుడో చెడిపోవాలి.

"నావే" అంది జోస్నా. "వదినా, ఇవి నావే. ఉత్త బ్లీచు. ఉత్త సబ్బు."

"గెలిచావే పిల్లా!" రెబెక్క ఆమెను భుజాలు పట్టి ఊపేసింది. నవ్వుతూనే ఏడ్చింది. పొద్దుట్నుంచీ బిగబట్టినదంతా ఒక్కసారిగా వదిలింది.

యెహెజ్కేలు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"బట్టల మందే సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయింది నాయినా. నీ మందు అక్కరనే లేకుండె."

"గప్పుడు గూడ?"

జోస్నాకు అర్థమయింది. అర్థం కానట్టు ఉండిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

"గా ముప్పై ఏండ్లు, మా ల్యాబుల. గప్పుడు గూడ బట్టల మందు సరిపోతుండెనా?"

అబద్ధం చెప్పాలనుకుంది. కానీ నెలన్నర నుంచి ఈ ఇంట్లో అబద్ధం ఏం చేసిందో ఇప్పుడే చూసింది.

"చానామటుకు సరిపోతుండె నాయినా. జర ఓపిక పడితె."

ఆయన ‘అట్లనా’ అన్నట్టు తలూపాడు. చాలాసార్లు ఊపాడు. ఏడవలేదు. అరను పట్టుకుని నిలబడి, ఆ ఇరవై అయిదు సీసాలనూ ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాడు. పదిహేను తెల్లకోట్లు, వారం వారం, ముప్పై ఏళ్లు. ఆ లెక్క ఆయన ముఖంలో కనబడుతుంటే జోస్నా చూడలేకపోయింది. ఏదో ఒకటి చెయ్యాలని ఓ సీసా తీసి ఆయన కళ్లముందు పట్టుకుంది.

"జర చూడు నాయినా. ఎంత మంచిగున్నదో చూడు."

ఆయన చూశాడు. సీసాలోని లేత ఆకు కొస అదురుతోంది.

గాలికేమో అనుకున్నాడు. పైకి చూశాడు. దుమ్ము లేస్తుందని ఆ గదిలో ఫ్యానే పెట్టించలేదు. సీసా మూత బిగించి ఉంది. కూతురి చేతిలోంచి సీసా తీసుకున్నాడు. ఆయన చేతిలో ఆకు కదలడం మానేసింది. తిరిగి ఇచ్చాడు. ఆమె అందుకోగానే ఆకు కొస మళ్లీ అదిరింది, సన్నగా, ఆగకుండా.

రెబెక్క నవ్వు ఆగిపోయింది. "జోస్నా, నీ చెయ్యి…"

"ఏం కాలె వదినా." జోస్నా సీసాను అరలో పెట్టి, చేతులు రెండూ చున్నీ కిందికి లాక్కుంది. "పొద్దుగాల నుంచి ఏం తినలె గదా, గందుకే."